చల్లారిన కొండల సాక్ష్యం

1538 సెప్టెంబరు నెలాఖరులో ఇటలీలోని నేపుల్స్ పక్కన, పొజ్జువోలి అనే రేవు ఊరి దగ్గర ఒక కొండ పుట్టింది. అంతకు ముందు రెండేళ్లుగా భూకంపాలు. చివరి రోజుల్లో నేల పైకి లేచి సముద్రం వెనక్కి పోయింది. ఇసుకలో మిగిలిపోయిన చేపల్ని జనం ఏరుకున్నారు. ఆ తర్వాత నేల నోరు తెరిచి బూడిద, రాళ్లు, బురద కక్కింది. వారం తిరిగేసరికి త్రిపెర్గోలె అనే పల్లె ఉన్నచోట దాదాపు 130 మీటర్ల కొండ నిలబడింది. మోంతె నువోవో, అంటే కొత్త కొండ అని పేరు పెట్టారు. చూసినవాళ్లు వేలమంది. చూసింది చూసినట్టు రాసిపెట్టినవాళ్లూ ఉన్నారు, వాళ్ల రాతలు ఇప్పటికీ దొరుకుతున్నాయి. అయినా ఆ కొండ ఎలా పుట్టిందన్న తగువు మూడు వందల ఏళ్ల తర్వాత కూడా తెగలేదు. 19వ శతాబ్దంలో రెండు పక్షాల పండితులు ఆ పాత రాతల్నే పట్టుకుని వాదించుకున్నారు. నేల పైకి లేచిందని వాళ్లే చెబుతున్నారు కదా, కొండంటే ఉబ్బిన నేలే అని ఒకరు. రాళ్లూ బూడిదా కురిశాయని కూడా వాళ్లే చెబుతున్నారు, కొండంటే ఆ కురిసిన కుప్పే అని ఇంకొకరు. ఒకే సాక్ష్యం వాదికీ ప్రతివాదికీ సమానంగా పనికొస్తే కేసు ముందుకు కదలదు.

అగ్నిపర్వతం ఎలా పుడుతుందో తెలియాలంటే మండుతున్న కొండ దగ్గరికి వెళ్లి చూడాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఈ శాస్త్రం చరిత్ర తిరగేస్తే వ్యవహారం తలకిందులుగా కనిపిస్తుంది. మన అవగాహన మారిన పెద్ద మలుపులు చాలావరకు వేల ఏళ్ల కిందట, లక్షల ఏళ్ల కిందట, ఒక్కోసారి కోట్ల ఏళ్ల కిందట చల్లారిపోయిన కొండల దగ్గర వచ్చాయి. దీనికి కారణం ఉంది. పేలుడు జరిగిపోతుంది, మిగిలేది చూసినవాళ్ల మాట. రాయి అలా జరిగిపోదు. నమ్మినవాడు వెళ్లినా నమ్మనివాడు వెళ్లినా, వందేళ్ల తర్వాత మూడోవాడు వెళ్లినా అక్కడే ఉంటుంది. పైగా బతికున్న కొండ తన లోపలి నిర్మాణాన్ని కప్పుకుని ఉంటుంది. చచ్చిన కొండను వానలూ వాగులూ కోసి లోపల ఏముందో బయట పెడతాయి.

బతికున్న కొండ చూపించకపోవడమే కాదు, దారి కూడా తప్పించింది. మంట, పొగ, గంధకం వాసన ఒకేచోట ఉంటే అక్కడ ఏదో కాలుతోందనుకోవడం సహజం. భూమి లోపల చిక్కుకున్న గాలుల వల్ల నిప్పు పుడుతుందని అరిస్టాటిల్ అన్నాడు. తర్వాతివాళ్లు నేలలో బొగ్గు పొరలో గంధకమో తగలబడుతున్నాయన్నారు. 1700లో పారిస్‌లో నికొలా లెమరీ ఇనుపరజను, గంధకం నీళ్లతో ముద్దచేసి పాతిపెడితే అది దానంతటదే వేడెక్కి నేలను పగలగొడుతుందని చూపించాడు. అగ్నిపర్వతం రహస్యం తేలిపోయిందని చాలామంది సంబరపడ్డారు. సోడియం, పొటాషియం లోహాలను వేరుచేసిన హంఫ్రీ డేవీ, అలాంటి లోహాలకు భూగర్భంలో నీళ్లు తగిలి ఈ మంట పుడుతోందేమో అన్నాడు. నేపుల్స్ పక్కనున్న వెసూవియస్ అగ్నిపర్వతం దాకా వెళ్లి పరిశీలించాక చివరికి భూగర్భంలో సహజంగా ఉన్న వేడి వైపే మొగ్గాడు. ఈ ఊహల్లో ఏదీ తెలివితక్కువది కాదు. అన్నిటిదీ ఒకటే పొరపాటు, మంటను చూసి ఇంధనం కోసం వెతకడం. నిజానికి అగ్నిపర్వతంలో మనకు మంటలా కనిపించేది ఎక్కువగా కరిగిన రాతి ఎర్రని కాంతి, పైనున్న ఆవిరి మీద పడినది. అక్కడ చెప్పుకోదగ్గంతగా ఏదీ కాలడం లేదు.

మొదటి గట్టి మలుపు ఫ్రాన్సు నడిబొడ్డున ఉన్న ఒవెర్న్ ప్రాంతంలో వచ్చింది. 1751లో జాన్ ఎతియెన్ గెత్తార్ అనే ప్రకృతి శాస్త్రవేత్త మిత్రుడితో కలిసి అటువైపు ప్రయాణిస్తూ, ములాఁ పట్టణం దగ్గర దారి పక్కన నాటిన నల్లటి మైలురాళ్లను చూశాడు. ఆ రాయి సన్నసన్నటి రంధ్రాలతో వెసూవియస్ నుంచి వచ్చే లావాలా ఉంది. ఎక్కడిదని ఆరా తీసుకుంటూ వెళ్తే వోల్విక్ అనే ఊరి రాతిగని తేలింది. ఆ ప్రాంతమంతా ఇళ్లు ఆ నల్లరాయితోనే కట్టుకున్నారు, క్లెర్మోఁ పట్టణంలోని పెద్ద చర్చి కూడా దానితో కట్టిందే. గెత్తార్ కొండెక్కి చూస్తే నెత్తిన గిన్నెలాంటి పల్లం, పక్కన గడ్డకట్టిన లావా ప్రవాహం. అలాంటివి ఒకదాని వెనక ఒకటి బారుగా నిలబడి ఉన్నాయి. తరతరాలుగా ఆ వాలుల మీద గొర్రెలు మేపుకుంటున్నవాళ్లకు అవి అగ్నిపర్వతాలని తెలియదు. మరుసటేడు పారిస్ అకాడమీలో ఈ సంగతి చదివినప్పుడు అదొక వింత. చరిత్రలో ఎవరూ మంట చూడని చోట అగ్నిపర్వతం ఉండొచ్చన్న మాట ఆ రోజుతో గట్టిపడింది. విడ్డూరమేమిటంటే, అంత చూసిన గెత్తారే, నల్లగా, గట్టిగా, స్తంభాల్లా చీలి ఉండే బసాల్టు మాత్రం నీటిలోంచి పేరుకున్న రాయే అని తర్వాత రాశాడు.

ఆ మిగిలిన ముడి విప్పింది నికొలా దెమరే. 1763లో ఒవెర్న్‌లోనే, పుయి ద దోమ్ కొండ మీదికి పోయే దారిలో బసాల్టు స్తంభాలు చూసి, వాటిని పట్టుకుని నడిచాడు. స్తంభాలున్న ఆ రాయి తెగకుండా సాగి లావా ప్రవాహంలో కలిసింది. అంటే బసాల్టు కూడా లావాయే. ఐర్లండులో రాక్షసుల రాదారి అని పిలిచే ప్రసిద్ధ స్తంభాల తీరం, చుట్టుపక్కల ఒక్క అగ్నిపర్వతం కూడా కనపడని చోటు, ఈ లెక్కన లావాదే కావాలి. దెమరే అక్కడితో ఆగలేదు. కొన్ని లావాలు ఇప్పటి లోయల అడుగున ఉన్నాయి, కొన్ని కొండల నెత్తిన బల్లపరుపుగా కూర్చున్నాయి. లావా పల్లానికే పారుతుంది కాబట్టి, నెత్తిన ఉన్నవి కూడా ఒకప్పుడు లోయలోనే పారి ఉండాలి. చుట్టూ ఉన్న నేలే తర్వాత కోసుకుపోయింది. కాబట్టి ఎంత ఎత్తున ఉంటే అంత పాతది. ఈ చిన్న తర్కంతో అగ్నిపర్వతాలకు కాలక్రమం దొరికింది. నిన్న పేలిన కొండ దగ్గర ఈ తర్కం పుట్టే అవకాశమే లేదు, ఎందుకంటే అక్కడ లోయ కోసుకుపోవడానికి వ్యవధి ఉండదు. తనతో వాదానికి దిగినవాళ్లకు దెమరే వెళ్లి చూడండి అని మాత్రం చెప్పేవాడట.

వెళ్లి చూడనివాళ్లలో అందరికన్నా ఘనుడు అబ్రహాం వెర్నర్. జర్మనీలోని ఫ్రైబెర్గ్ గనుల విద్యాలయంలో 1775 నుంచి పాఠాలు చెప్పిన ఈ ఆచార్యుడి దగ్గర చదువుకోవడానికి యూరప్ నలుమూలల నుంచి విద్యార్థులు వచ్చేవారు. రాళ్లన్నీ ఆదిమ సముద్రంలోంచి పేరుకున్నవేననీ, అగ్నిపర్వతాలు ఈమధ్య కాలంలో బొగ్గు పొరలు అంటుకుని పుట్టిన చిల్లర వ్యవహారమనీ ఆయన చెప్పాడు. ఇప్పుడు నవ్వుకోవడం తేలిక. కానీ ఆయన ఉన్న సాక్సనీలోని షైబెన్‌బెర్గ్ కొండ మీద ఇసుక, దాని మీద బంకమన్ను, దాని మీద బసాల్టు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నట్టు వరసగా కనిపిస్తాయి. అది చూసి ముగ్గురూ ఒకే నీటి బిడ్డలనుకున్నాడు. నా వాదానికి ఇక్కడే ఒక అభ్యంతరం రావాలి. వెర్నర్ చూసింది కూడా చల్లారిన రాయినే కదా, అదీ మోసం చేసింది కదా అని. చేసింది, కాదనను. ఐర్లండులో పోర్ట్‌రష్ దగ్గర బసాల్టులో గవ్వల శిలాజాలు దొరికాయని విలియం రిచర్డ్‌సన్ చాటింపు వేసినప్పుడు కూడా మోసపుచ్చింది రాయే. తేడా ఏమిటంటే ఆ మోసాన్ని బయటపెట్టడానికి కూడా రాయి అక్కడే ఉంది. తర్వాత వెళ్లినవాళ్లు పోర్ట్‌రష్ గవ్వలున్నది బసాల్టులో కాదని, బసాల్టు వేడికి కాలి గట్టిపడిన పాత బురదరాయిలో అని తేల్చారు. వెర్నర్ శిష్యుడు దొబుయిస్సోఁ 1803లో గురువు మాటే సరైనదని సాక్సనీ బసాల్టుల మీద పుస్తకం రాసి, మరుసటేడు ఒవెర్న్ వెళ్లి ఆ నల్లటి ప్రవాహాల మీద నడిచి, అభిప్రాయం మార్చుకున్నాడు. ఒక కొండను చూసి చేసిన తప్పును ఇంకో కొండ దిద్దింది.

వెర్నర్ పక్షంవాళ్ల చేతిలో ఇంకో బలమైన ప్రశ్న ఉండేది. బసాల్టును కరిగించి చల్లారిస్తే గాజు వస్తోంది, బసాల్టు రావడం లేదు, అలాంటప్పుడు అది కరిగి గడ్డకట్టిన రాయి ఎలా అవుతుందని. దీనికి జవాబు ఎడింబరోలో దొరికింది. భూగర్భంలోని వేడే రాళ్లను కరిగించి పైకి నెడుతుందని చెప్పిన జేమ్స్ హట్టన్‌కు సర్ జేమ్స్ హాల్ స్నేహితుడు. లీత్ రేవులోని ఒక గాజు కార్ఖానాలో పెద్ద మూసలోని సీసా గాజు పొరపాటున చాలా నెమ్మదిగా చల్లారి, గాజు లక్షణం పోగొట్టుకుని రాయిలా తయారైంది. దాన్నే మళ్లీ కరిగించి గబుక్కున చల్లారిస్తే మళ్లీ గాజు. హాల్‌కు ఇది చాలు. కానీ భూగర్భంలో జరిగే మహాకార్యాన్ని చిన్న మూసలో పరీక్షించడం హట్టన్‌కు ఇష్టం లేదు. ఆ పెద్దాయన మీది గౌరవం కొద్దీ హాల్ ఆగాడు. 1797లో హట్టన్ పోయాక, ఇనుప కొలిమిలో ఎడింబరో చుట్టుపక్కల నల్లరాళ్లను, వెసూవియస్, ఎట్నాల నుంచి తెచ్చిన లావాను కరిగించాడు. త్వరగా చల్లారిస్తే రెండూ గాజే. గంటల తరబడి వేడి నిలిపి నెమ్మదిగా దించితే రెండూ స్ఫటికాలు కట్టిన రాయే. ఎన్నడో చచ్చిన స్కాట్లాండ్ రాయి, నిన్నటి వెసూవియస్ రాయి కొలిమిలో ఒకేలా ప్రవర్తించాయి. 1798లో ఈ ఫలితాలు ప్రకటించాక, నీటి పక్షం క్రమంగా పలచబడింది.

అగ్నిపర్వతం కరిగిన రాయి పని అని ఒప్పుకున్నాక కూడా కొండ ఆకారం ఎక్కడిదన్న ప్రశ్న మిగిలింది. వెర్నర్ మరో శిష్యుడు లియోపోల్డ్ ఫాన్ బూఖ్ 1815లో కానరీ దీవులు తిరిగి వచ్చి, లా పాల్మా దీవి మధ్యనున్న పెద్ద గుంటను ఆధారం చేసుకుని ఒక సిద్ధాంతం చెప్పాడు. లావా పొరలు మొదట బల్లపరుపుగా పరుచుకుంటాయి, తర్వాత కింది నుంచి ఆవిరి ఒత్తిడికి నేల పూరీలా పొంగి నడుమ పగులుతుంది, అదే కొండ, ఆ పగులే బిలం. ఏటవాలు మీద లావా దళసరి రాతిపొరగా నిలబడలేదు, కాబట్టి నిట్టనిలువు వాలుల మీద కనిపించే పొరలన్నీ తర్వాత పైకి లేచినవే. ప్రకృతి శాస్త్రవేత్త హంబోల్ట్ అంతటివాడు దీన్ని సమర్థించాడు. వీళ్లు గదిలో కూర్చుని రాసినవాళ్లు కారన్నది గమనించాలి. బూఖ్ వెసూవియస్ ఎక్కాడు, హంబోల్ట్ ఆండీస్ ఎక్కాడు. అదే వెసూవియస్‌ను ఏళ్ల తరబడి గమనించి, 1767లో బిలంలోని చిన్న శంకువు నెలనెలా ఎలా పెరుగుతోందో బొమ్మలు గీసిపెట్టిన సర్ విలియం హామిల్టన్, కొండ కక్కిన రాళ్లతోనే కొండ కట్టుకుంటుందని సరిగ్గానే చెప్పాడు. ఒకే కొండను చూసి ఒకరు సరైనదీ ఇంకొకరు తప్పుదీ చెప్పారంటే, చూపు ఒక్కటే సరిపోలేదన్నమాట.

ఈ తగువు తీర్చింది ఎట్నా కొండకు తూర్పు పక్కనున్న వాల్ దెల్ బోవె అనే భారీ గండి. ఎట్నా బతికున్నదే అయినా, ఆ గండి గోడల్లో దాని పాత శరీరం కోసి ఆరబెట్టినట్టు కనపడుతుంది. భూగర్భ శాస్త్రవేత్త చార్లెస్ లైయెల్ అరవయ్యో పడిలో అడుగుపెడుతూ 1857, 58ల్లో ఆ గండిలో తిరిగాడు. ముప్పై డిగ్రీలు దాటిన వాలు మీద కూడా లావా గట్టి రాతిపొరగా గడ్డకట్టి ఉంది, అదీ తేదీ తెలిసిన లావా. దానితో బూఖ్ పక్షానికి పునాదిరాయి కదిలింది. గండి గోడల్లో పొరల వాలు చూస్తే పాత ఎట్నాకు ఒకటి కాదు, రెండు కేంద్రాలున్నాయని తేలింది. ఒక్క పొంగుతో లేచిన కొండకు రెండు నడుములు ఉండవు. మరో భూగర్భ శాస్త్రవేత్త జార్జ్ స్క్రోప్ 1820లలోనే ఒవెర్న్ చూసి ఇంచుమించు ఇదే చెప్పాడు, అప్పుడు వినిపించుకున్నవాళ్లు తక్కువ. బూఖ్‌ను పూర్తిగా కొట్టిపారేయడం కూడా న్యాయం కాదు. పొజ్జువోలి దగ్గర నేల నిజంగానే లేస్తూ దిగుతూ ఉంటుంది. 1982, 84 మధ్య దాదాపు 1.8 మీటర్లు లేచింది. నేల ఉబ్బుతుందన్నది నిజం, ఆ ఉబ్బే కొండ అన్నది తప్పు.

బతికున్న కొండలు ఏమీ నేర్పలేదా అని అడగొచ్చు. నేర్పాయి. 1902లో మార్టినిక్ దీవిలో మోఁ పెలే పేలి సెయింట్ పియెర్ పట్టణంలో సుమారు 28 వేలమందిని బలి తీసుకున్నాకే, నేలబారున దూసుకొచ్చే మండే వాయువుల, బూడిద ప్రవాహం ఒకటుందని శాస్త్రం గట్టిగా గుర్తించింది. 1980 మే 18న అమెరికాలో సెయింట్ హెలెన్స్ ఉత్తరపు పక్క మొత్తం జారిపోయాక, కాలిఫోర్నియాలో షాస్తా కొండ కింద మైళ్ల కొద్దీ పరుచుకున్న దిబ్బలు ఏమిటో అర్థమైంది. 1943లో మెక్సికోలో ఒక రైతు మొక్కజొన్న చేలో పరికూటిన్ పుట్టి తొమ్మిదేళ్లలో 424 మీటర్లు పెరగడాన్ని శాస్త్రవేత్తలు మొదటి నుంచి చివరిదాకా చూశారు. పరికూటిన్ మాత్రం తేల్చింది చాలా తక్కువ, దాన్ని చూసేనాటికి కొండ కుప్పపడి పెరుగుతుందని అందరికీ తెలుసు. మండే కొండలు నేర్పింది ప్రధానంగా అవి ఏం చేస్తాయో. ఎందుకు, ఎక్కడ, దేనివల్ల పుడతాయో అన్న ప్రశ్నకు మళ్లీ చల్లారిన వాటి దగ్గరికే రావలసి వచ్చింది. 1883లో క్రకటోవా దీవిలో ఎక్కువ భాగం పేలి మాయమైనప్పుడు కొండ గాలిలోకి ఎగిరిపోయిందనుకున్నారు చాలామంది. అడుగున కరిగిన రాయి, అంటే మాగ్మా, ఖాళీ అయితే పైకప్పు ఉంగరంలా విరిగి కిందికి కూలుతుందనడానికి రాతిలో సాక్ష్యం స్కాట్లాండ్‌లోని గ్లెంకోలో దొరికింది. దాదాపు 42 కోట్ల ఏళ్ల నాటి ఆ కొండ అరిగి అరిగి, విరుగు గీతే నేల మీద తేలింది. 1909లో అక్కడి సర్వే శాస్త్రవేత్తలు దాన్ని పటం గీసి చూపించారు.

హవాయి కథ ఇంకా స్పష్టం. అక్కడి కిలాయెయాను 1912 నుంచి పరిశోధనశాల పెట్టి పగలూ రాత్రీ కాపలా కాస్తున్నారు. అయినా పసిఫిక్ నడిమధ్యన అగ్నిపర్వతం ఎందుకుందన్న దానికి ఆధారం కిలాయెయా ఇవ్వలేదు, దాని వాయవ్యాన చల్లారి పడి ఉన్న దీవులు ఇచ్చాయి. 1840లో అమెరికా అన్వేషణ నౌకల్లో వచ్చిన జేమ్స్ డేనా, వాయవ్యానికి పోయేకొద్దీ దీవులు ఎక్కువ అరిగిపోయి, లోతైన లోయలతో ఉన్నాయని, కాబట్టి పాతవని గుర్తించాడు. అగ్నిదేవత పెలె కవాయి దీవి నుంచి ఒక్కొక్కటిగా దాటుకుంటూ పెద్దదీవికి చేరిందని హవాయి జనం చెప్పుకునే కథలోనూ క్రమం అదే. 1963లో కెనడా శాస్త్రవేత్త టూజో విల్సన్ ఆ క్రమానికి కారణం చెప్పాడు. భూమి లోపల ఒకేచోట నిలిచిన వేడి కేంద్రం మీదుగా సముద్రపు అడుగు పలక కదులుతూ పోతోంది, ఒక్కో దీవి ఆ కేంద్రాన్ని దాటాక చల్లారుతోంది. పేరున్న పత్రిక దాన్ని తిప్పి పంపితే, కెనడా భౌతికశాస్త్ర పత్రికలో అచ్చయింది. పలకల సిద్ధాంతం నిలదొక్కుకున్నాక మిగతా చిత్రం కుదిరింది. పలకల కింది పొర నిజానికి ఘనమే, భూకంప తరంగాలు దానికి సాక్ష్యం. అది పైకి లేచేచోట ఒత్తిడి తగ్గి కరుగుతుంది, పలక కిందికి దూరేచోట నీరు చేరి కరిగే వేడిమి తగ్గి కరుగుతుంది. ఇంధనం అవసరమే లేదు. విల్సన్ చెప్పిన వేడి కేంద్రం ఎంత లోతు నుంచి వస్తుందన్న దాని మీద మాత్రం ఇప్పటికీ వాదన నడుస్తోంది.

చల్లారిన కొండలే ఎక్కువ నేర్పాయన్న నా మాటకు అన్నిటికన్నా గట్టి ఉదాహరణ మన కాళ్ల కిందే ఉంది. దక్కన్ బసాల్టు ఈనాటికీ సుమారు 5 లక్షల చదరపు కిలోమీటర్లు ఆక్రమించి, పడమటి కనుమల్లో రెండు కిలోమీటర్లకు పైగా మందాన పేరుకుని ఉంది. వికారాబాద్ అనంతగిరి గుట్టలు, ఆదిలాబాద్ నల్లరేగడి నేలలు ఆ కుటుంబానివే. శంకువు కొండా, బిలమూ ఏమీ కనపడవు, నేల నిలువునా చీలి లావా పారింది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి ఆ స్థాయి పారుదలను మనిషి ఎన్నడూ చూడలేదు. చూసినవాటిలో దగ్గరిదనుకునే ఐస్‌లాండ్ లాకీ చీలిక, 1783లో 27 కిలోమీటర్ల పొడవున తెరుచుకుని ఎనిమిది నెలలు పారినది, దీని ముందు పిల్లకాలువ.

రాజమండ్రి దగ్గర గోదావరికి ఇటూ అటూ కాతేరు, పంగిడి, గౌరీపట్నం, దుద్దుకూరు ఊళ్లలో అలాంటి నల్లరాయే ఉంది. గౌరీపట్నం క్వారీ గోడ ముందు నిలబడితే కథ నిలువుగా చదువుకోవచ్చు. కింద ఒక లావా, దాని మీద గవ్వలున్న సున్నపురాయి పొర, దాని మీద మళ్లీ లావా. అంటే మొదటి లావా చల్లారాక తీరపు నీళ్లు వచ్చి గవ్వలు పెరిగే కాలం గడిచింది, ఆ తర్వాత రెండో లావా వచ్చి కప్పింది. దుద్దుకూరు దగ్గర లావాకు అడుగున మరమేకులా మెలితిరిగిన టరిటెల్లా గవ్వలు. నాగపూరులో ఉన్న స్టీఫెన్ హిస్లాప్ 1860లోనే రాజమండ్రి శిలాజాల గురించి రాశాడు. తర్వాత చమురు కోసం కృష్ణా గోదావరి తీరంలో ఓఎన్‌జీసీ తవ్విన బావుల్లోనూ రాజోలు వైపు ఇదే బసాల్టు తగిలింది. అయితే దక్కన్ బసాల్టు ప్రధాన భూభాగానికీ దీనికీ నడుమ వందల కిలోమీటర్ల ఖాళీ. ఇది ఇక్కడే చీలి పుట్టిందా, అక్కడి నుంచి వచ్చిందా అన్నది చాలాకాలం తేలలేదు. రసాయన పోలికలు చూస్తే ఈ రాయి మహాబలేశ్వర్ వైపు పైపొరలతో సరిపోతోంది. 2008లో స్టీఫెన్ సెల్ఫ్ బృందం, ఈ లావాలు ఆనాటి నదీలోయల వెంట సుమారు వెయ్యి కిలోమీటర్లు పారి బంగాళాఖాతం తీరం చేరాయని వాదించింది. అంత దూరం గడ్డకట్టకుండా ఎలా వస్తుందన్నది న్యాయమైన ప్రశ్నే. దీనికి సాయపడింది బతికున్న హవాయి. పైన గట్టిపడిన చెక్కు వేడిని పట్టి ఉంచగా, లావా దాని కింద నిదానంగా పారుతూ చెక్కునే పైకి లేపడం అక్కడ కళ్లారా చూశారు. ఆ కీలు తెలిశాక రాజమండ్రి రాయి కొత్తగా అర్థమైంది. పడమర నుంచి వచ్చిందనడానికి రుజువు మాత్రం రాయిలోదే.

ఆ రుజువు ఉన్న క్వారీలు రోడ్లకు, కట్టడాలకు కంకర ఇస్తున్నాయి. తవ్వడం వల్లే ఆ పొరలు బయటపడ్డాయి, కాబట్టి తవ్వకాన్ని తిట్టి లాభం లేదు. కానీ అదే తవ్వకం వాటిని మిగల్చకుండా పోగలదు, పిండి అయిన రాయిని రెండోసారి చూసే వీలుండదు. తిరుమల శిలాతోరణానికీ విశాఖ ఎర్రమట్టి దిబ్బలకూ జాతీయ భూవారసత్వ గుర్తింపు ఇచ్చినట్టే, రెండు లావాలూ నడుమ గవ్వల పొరా కనిపించే క్వారీ గోడ ఒక్కటైనా, ఒక వంద మీటర్ల మేర, రాష్ట్ర ప్రభుత్వమూ భూగర్భ సర్వే సంస్థా కలిసి తవ్వకుండా ఉంచాలి.